చేయగలదు, చేస్తుంది: ట్యూబులోని కైనేజ్ సాక్ష్యం

అందరికీ నమస్కారం. రీకాంబినెంట్ ప్రోటీన్ కైనేజ్‌ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. కణ సంకేతాల మీద పనిచేసే ఏ ప్రయోగశాలకు వెళ్ళినా, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు తెరిస్తే, అడుగున నాలుగు చుక్కల ద్రవం గడ్డకట్టి ఉన్న చిన్న చిన్న ట్యూబులు కనిపిస్తాయి. వాటి మీద ఎంజైము పేరు, తేదీ, బ్యాచ్ నంబరు రాసి ఉంటాయి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ ట్యూబులు నింపడంలోనే గడిచింది. అందుకని ఈ రోజు ఆ ట్యూబు గురించే మాట్లాడతాను. అందులోకి ఎంజైము ఎలా వస్తుంది, నిజంగా అందులో ఏముంటుంది, అది చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి. ఈ మూడో ప్రశ్నే నాకు ముఖ్యం. మొదటి రెండూ దాని కోసమే.

ముందుగా ఒక పేరు తీసుకుందాం. కేసీన్ కైనేజ్. మీలో జీవరసాయన శాస్త్రం చదివినవాళ్ళకు ఈ పేరు తెలుసు. చదవనివాళ్ళ కోసం చెబుతాను: కేసీన్ అంటే పాలలో ఎక్కువగా ఉండే ప్రోటీను. కైనేజ్ అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసి మరో అణువుకు తగిలించే ఎంజైము. మరి కేసీన్ కైనేజ్ అంటే? పాలలోని కేసీన్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము. అంతే కదా? పేరు అదే చెబుతోంది. కానీ నిజం అది కాదు.

1954లో జార్జ్ బర్నెట్, యూజీన్ కెనడీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కాలేయం నుంచి తీసిన ఎంజైము ఒకటి కేసీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుందని చూపించారు. ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము అంటూ ఒకటి ఉందని తెలిసింది అప్పుడే. కేసీన్‌నే ఎందుకు వాడారు? సులువుగా, కావలసినంత దొరుకుతుంది. ఫాస్ఫేట్‌ను బాగా పట్టుకుంటుంది. తర్వాతి కాలంలో అదే కేసీన్‌ను ఎరగా వాడి పట్టుకున్న రెండు ఎంజైము కుటుంబాలకు కేసీన్ కైనేజ్ 1, కేసీన్ కైనేజ్ 2 అనే పేర్లు స్థిరపడ్డాయి. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. కాలేయానికి పాలతో ఏం పని? ఈ రెండు ఎంజైములూ ప్రధానంగా కణద్రవ్యంలో, కేంద్రకంలో ఉంటాయి. కేసీన్ పుట్టేది క్షీర గ్రంథి కణాల్లో. పుట్టింది మొదలు బయటికి పోయేదాకా అది పొరల సంచుల లోపలే, ప్రోటీన్లను సర్ది బయటికి పంపే గాల్జీ అనే భాగం గుండా ప్రయాణిస్తుంది. ఎంజైమేమో ఒక గదిలో, ప్రోటీనేమో ఇంకో గదిలో. మధ్యలో తలుపు లేదు.

మరి పాలలోని కేసీన్‌కు ఫాస్ఫేట్ తగిలించేది ఎవరు? ఫామ్20సి అనే వేరే కైనేజ్. అది గాల్జీలో ఉంటుంది. ఈ సంగతి ఎప్పుడు తేలిందో తెలుసా? 2012లో. 1954 నుంచి 2012 దాకా. 58 ఏళ్ళు.

ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ఆ ప్రయోగం సరైనదే. ఆ ఎంజైము కేసీన్‌కు నిజంగానే ఫాస్ఫేట్ తగిలించగలదు, ఈ రోజు మీరు చేసినా తగిలిస్తుంది. మన భాషలో 'చేయగలదు' ఒక క్రియ, 'చేస్తుంది' ఇంకో క్రియ. నిప్పుపుల్ల ఇల్లు కాల్చగలదు. అంతమాత్రాన ఈ ఇంటిని కాల్చింది ఈ పుల్లే అని చెప్పలేం కదా? ట్యూబులోని ఎంజైము మనకు చెప్పేది 'చేయగలదు' అనే మాట. మనం వ్యాసాల్లో రాసేదేమో 'చేస్తుంది' అని. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ రోజు నా ప్రసంగం.

సరే, కొంచెం వెనక్కి వెళ్తాను. కైనేజ్ చేసే పని ఏమిటి? ఏటీపీకి మూడు ఫాస్ఫేట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. చివరిదాన్ని కైనేజ్ తీసి, ఇంకో ప్రోటీన్ మీద ఉన్న సెరీన్, థ్రియోనీన్ లేదా టైరోసీన్ అనే అమైనో ఆమ్లానికి అతికిస్తుంది. అతికిన ఫాస్ఫేట్ మీద రుణావేశం ఉంటుంది. అంతదాకా తటస్థంగా ఉన్న చోట ఒక్కసారిగా రుణావేశం వచ్చి చేరితే చుట్టుపక్కల మడతలు మారతాయి. ఎంజైము అయితే మేలుకుంటుంది, లేదా నిద్రపోతుంది. ఇంకో ప్రోటీన్ వచ్చి పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. పని అయ్యాక ఫాస్ఫటేజ్ అనే ఎంజైము వచ్చి ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. పెట్టడం, తీయడం. కణం బయట ఒక హార్మోను వచ్చి తాకిందన్న కబురు లోపల కేంద్రకం దాకా చేరేది ఎక్కువగా ఈ పెట్టడం, తీయడం ద్వారానే. మానవ జన్యువుల్లో ఇలాంటి ప్రోటీన్ కైనేజ్‌లు 518 ఉన్నాయని 2002లో లెక్క తేల్చారు. 518 ఎంజైములు, అన్నీ ఒకే ఏటీపీని వాడుకుంటాయి, దాదాపు అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఎవరు ఎవరికి ఫాస్ఫేట్ పెట్టారో తేల్చడం ఎందుకు అంత కష్టమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. ఈ రంగంలోకి అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ నేను ఈ కథ చెబుతాను. 1950లలో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కుందేలు కండరంలోని ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైము మీద పనిచేస్తున్నారు. అది రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి చురుకైనది, ఒకటి మందకొడి. అంతకుముందు గెర్టీ కోరీ, కార్ల్ కోరీ దంపతుల ప్రయోగశాలలో చురుకైన రూపాన్ని వేరుచేసి స్ఫటికాలు కూడా తీశారు. అదే పద్ధతిలో మొదలుపెట్టి, కండరం రసాన్ని కాగితంతో వడపోయడానికి బదులు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేటపరిస్తే, వీళ్ళకు మందకొడి రూపమే వస్తోంది. ఎందుకు? మళ్ళీ వడపోత కాగితం వాడి చూశారు. చురుకైన రూపం వచ్చింది. కాగితంలో ఏముంది? కాల్షియం. ఆ కాస్త కాల్షియం రసంలోకి దిగి, అందులోనే ఉన్న మరో ఎంజైమును లేపుతోంది. ఆ మరో ఎంజైము ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఫాస్ఫారిలేజ్‌కు తగిలిస్తోంది. ఒక ఎంజైమును మరో ఎంజైము ఫాస్ఫేట్‌తో మేలుకొలుపుతుందన్న మాట అలా బయటపడింది. దానికి వాళ్ళిద్దరికీ 1992లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైనది నోబెల్ కాదు, ఆ కాగితం. ప్రయోగంలో లెక్కలోకి రాని వస్తువు అది. వడపోత కాగితంలో ఏముందని ఎవరు అడుగుతారు? వాళ్ళు అడిగారు. మీ ట్యూబులో, మీ ద్రావణంలో, ప్రోటీన్లను వేరుచేసే మీ కాలమ్‌లో ఏముందని మీరూ అడగాలి.

అప్పట్లో కైనేజ్ కావాలంటే కండరమో కాలేయమో కిలోల కొద్దీ తెచ్చి రుబ్బి, రోజుల తరబడి ఒక కాలమ్ తర్వాత ఇంకో కాలమ్ మీద వేరుచేసుకోవాలి. చివరికి చేతికి వచ్చేది మిల్లీగ్రాముల్లో. అదైనా ఒకే ఎంజైమా అంటే చెప్పలేం. ఒకే కైనేజ్‌కు కణంలో రెండు మూడు దగ్గరి చుట్టాలు ఉంటాయి, బరువూ గుణమూ దాదాపు ఒకటే. అన్నీ కలిసే వస్తాయి. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ జన్యువులను కత్తిరించి బాక్టీరియాలో పెట్టే దారి చూపించాక ఈ పరిస్థితి మారింది. ఇప్పుడు కావలసిన కైనేజ్ జన్యువు ఒక్కటే తీసుకుని, ఇ. కోలై బాక్టీరియాలోనో మరో కణంలోనో పెట్టి, ఆ ఒక్క ఎంజైమునే తయారు చేయించుకోవచ్చు. రీకాంబినెంట్ అంటే ఇదే. అందులోని అమైనో ఆమ్లాల వరుస మనకు తెలుసు, ఏది ఎక్కడుందో తెలుసు, కావాలంటే ఒకదాన్ని మార్చనూ వచ్చు. కండరం నుంచి తీసిన ఎంజైముతో ఆ పని కుదరదు. ఈ మార్చగలగడం ఎంత పెద్ద వరమో కాసేపట్లో చెబుతాను.

ఇ. కోలైకి ఇంకో గొప్ప సుగుణం ఉంది. మన కణాల్లో ఉండే తరహా సెరీన్, థ్రియోనీన్, టైరోసీన్ కైనేజ్‌లు అందులో చాలా అరుదు. కాబట్టి ఇ. కోలైలో తయారైన ఎంజైము ఏదైనా ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే, ఆ పని మన ఎంజైముదే అని చాలావరకు నమ్మవచ్చు. ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైముంది, పీకేఏ అంటాం. దాని ఉత్ప్రేరక భాగం సుమారు 40 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీను (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం). ఇ. కోలైలో హాయిగా తయారవుతుంది. అంతేకాదు, 197వ స్థానంలోని థ్రియోనీన్ మీద తనకు కావలసిన ఫాస్ఫేట్‌ను తానే పెట్టుకుని పూర్తి చురుకుతో బయటికి వస్తుంది. సూసన్ టేలర్ బృందం 1991లో మొట్టమొదటి ప్రోటీన్ కైనేజ్ త్రిమితీయ నిర్మాణాన్ని చూపించింది ఈ పీకేఏతోనే, ఇ. కోలైలో తయారైన ఎలుక ఎంజైముతోనే. రెండు తమ్మెలు, వాటి మధ్య ఇరుకులో ఏటీపీ. మిగిలిన 517 కైనేజ్‌లను అర్థం చేసుకోవడానికి ఆ బొమ్మే మొదటి మెట్టు అయింది.

అన్నీ పీకేఏ అంత సాధుస్వభావం ఉన్నవి కావు. సార్క్ అనే టైరోసీన్ కైనేజ్‌ను ఇ. కోలైలో తయారు చేయబోతే అది బాక్టీరియా ప్రోటీన్ల మీదే పడుతుంది. దొరికిన టైరోసీన్‌కల్లా ఫాస్ఫేట్ అతికిస్తుంది. బాక్టీరియా కుంగిపోతుంది, ఎంజైము ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. 2005లో దీనికి ఒక చక్కని ఉపాయం వచ్చింది. కైనేజ్‌తో పాటే ఒక ఫాస్ఫటేజ్ జన్యువును కూడా అదే బాక్టీరియాలో పెట్టారు. ఒకటి రాస్తూ ఉంటే ఇంకొకటి వెంటవెంటనే చెరిపేస్తూ ఉంటుంది. బాక్టీరియా బతుకుతుంది, సార్క్ ఫాస్ఫేట్ లేని శుభ్రమైన రూపంలో చేతికి వస్తుంది. ఇంత సులువైన ఆలోచన అంతకుముందే నాకెందుకు రాలేదా అని అది చదివిన రోజు చాలాసేపు అనుకున్నాను.

పెద్ద కైనేజ్‌లకు, ఇ. కోలైలో సరిగా మడతపడనివాటికి కీటక కణాలు వాడతాం. ఎస్ఎఫ్9 అనే కణాలు, ఒక పురుగు అండాశయం నుంచి వచ్చినవి. బాక్యులోవైరస్ అనే వైరస్‌లో మన జన్యువు పెట్టి ఆ కణాలకు సోకిస్తే, 27 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో మన ప్రోటీన్ నిండుగా తయారవుతుంది. 1983లో మానవ ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌తో మొదలైన పద్ధతి ఇది. మడత బాగుంటుంది. ఎంజైము చురుకుగా ఉంటుంది. కానీ ఒక మెలిక ఉంది. కీటక కణాలకు సొంత కైనేజ్‌లు ఉన్నాయి. ఇ. కోలైలో లేని ప్రమాదం ఇక్కడ ఉంది.

ఆ ప్రమాదం నాకు ఎదురైంది. ఇది వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. మేము ఒక కైనేజ్‌ను కీటక కణాల్లో తయారు చేశాం. దాని చివర ఆరు హిస్టిడీన్లు పెట్టాం, నికెల్ కాలమ్‌కు అంటుకోవడానికి. కాలమ్ నుంచి దించాం, ప్రోటీన్లను బరువు ప్రకారం పట్టీలుగా విడదీసే జెల్ మీద చూశాం. ఒకే ఒక్క పట్టీ. అంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. ఒక ప్రోటీన్‌తో కలిపి, రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 ఉన్న ఏటీపీ వేశాం. ఆ ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ నల్లగా, నిక్కచ్చిగా కనిపించింది. మూడు నెలలు ఆ ఆనందంలో పనిచేశాం. ఏ స్థానంలో ఫాస్ఫేట్ పడుతోందో వెతికాం, బొమ్మలు గీశాం, వ్యాసం రాయడం మొదలుపెట్టాం. అప్పుడు మా బృందంలోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి అడిగింది, 'చచ్చిన ఎంజైముతో చూశారా అండీ' అని.

చచ్చిన ఎంజైము అంటే ఏమిటో చెప్పాలి. ఇందాక మార్చగలగడం వరమన్నానే, అది ఇదే. దాదాపు ప్రతి కైనేజ్‌లోనూ ఏటీపీని సరైన భంగిమలో పట్టుకునే లైసీన్ ఒకటి ఉంటుంది. పీకేఏలో అది 72వది. ఆ ఒక్క లైసీన్‌ను మెథియోనీన్‌గానో ఇంకోలాగో మారిస్తే ప్రోటీన్ ఆకారం దాదాపు అలాగే ఉంటుంది, ఫాస్ఫేట్ పెట్టే పని మాత్రం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. దాన్ని కూడా అదే కణాల్లో, అదే కాలమ్ మీద, అదే రోజు తయారు చేయాలి. రెండు ట్యూబుల మధ్య తేడా ఆ ఒక్క లైసీనే అయి ఉండాలి.

చేశాం. చచ్చిన ఎంజైము కూడా ఆ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ పెట్టింది. బతికి ఉన్నది ఎంత పెట్టిందో దాదాపు అంతే పెట్టింది.

అర్థమైంది కదా? ఆ పని చేస్తున్నది మా ఎంజైము కాదు. కీటక కణాల్లోని మరో కైనేజ్ ఏదో మా ఎంజైముకు అంటుకుని వచ్చింది. జెల్ మీద ఒకే పట్టీ ఉందన్నారు కదా, మరి ఇదెలా అని అడుగుతారు. లెక్క వేసుకోండి. ట్యూబులో నూరు వంతుల ప్రోటీన్ ఉందనుకుందాం. 99 వంతులు మనది, ఒక్క వంతు పరాయిది. ఆ ఒక్క వంతు జెల్ మీద కంటికి ఆనదు. కానీ మనం ఇచ్చిన ప్రోటీన్ మీద ఆ పరాయి ఎంజైము మనదానికంటే వెయ్యి రెట్లు చురుకైనదైతే? మనది 99 పాళ్ళ పని చేస్తే అది 1000 పాళ్ళ పని చేస్తుంది. పది రెట్లు ఎక్కువ. శుద్ధత 99 శాతం అని సీసా మీద రాసి ఉంటుంది, అది నిజమే. కానీ అది బరువు లెక్కలో శుద్ధత. పని లెక్కలో శుద్ధత వేరు. ఈ రెండూ వేరని నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. మీకు ఈ పూటతో అర్థం కావాలని నా కోరిక.

ఇక ట్యాగుల గురించి, అంటే కాలమ్ మీద పట్టుకోవడానికి ప్రోటీన్ చివర తగిలించే తోకల గురించి, ఒక్క మాట. హిస్టిడీన్ ట్యాగ్ చిన్నది. జీఎస్‌టీ అనే ట్యాగ్ పెద్దది, 26 కిలోడాల్టన్లు ఉంటుంది, దానికో అలవాటు ఉంది, జంటగా కలుస్తుంది. జీఎస్‌టీలు రెండు జతకడితే వాటికి తగిలించిన కైనేజ్‌లు రెండూ పక్కపక్కన చేరి ఒకదానికొకటి ఫాస్ఫేట్ పెట్టుకుంటాయి. కణంలో ఎన్నడూ జరగని సంగతి మీ ట్యూబులో జరుగుతుంది. ట్యాగ్‌ను కత్తిరించే ప్రోటియేజ్‌లు ఉన్నాయి, వీలైతే కత్తిరించండి. ఇంతకంటే దీని గురించి చెప్పను.

ఇప్పుడు పరాయిది ఏమీ లేదనుకుందాం. అంతా మన ఎంజైమే. అప్పుడైనా ట్యూబులో ఒకటే వస్తువు ఉందా? లేదు. ఒకే ఎంజైములో కొన్ని అణువులకు ఫాస్ఫేట్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు, కొన్నింటికి రెండు మూడు చోట్ల ఉంటుంది. ఒకే పేరు పెట్టుకున్న గుంపు అది. ఈఆర్‌కే2 అనే కైనేజ్‌ను ఇ. కోలైలో మామూలుగా తయారు చేస్తే నిద్రపోతూ వస్తుంది. దాని పై మెట్టులో ఉన్న మెక్ అనే కైనేజ్ వచ్చి ఒక థ్రియోనీన్ మీద, ఒక టైరోసీన్ మీద ఫాస్ఫేట్ పెడితేనే మేలుకుంటుంది. మేలుకున్నదానికీ నిద్రపోయినదానికీ చురుకులో తేడా వెయ్యి రెట్లకు పైమాటే. సీడీకే2 అయితే సైక్లిన్ అనే జోడీ ప్రోటీన్ లేనిదే కదలదు. కాబట్టి ట్యూబు మీద ఈఆర్‌కే2 అని పేరు ఉంటే చాలదు. ఏ ఈఆర్‌కే2? మేలుకున్నదా, నిద్రపోతున్నదా, సగం సగమా?

ఇది సూక్ష్మమైన పట్టింపు అనుకుంటున్నారేమో. ఇమాటినిబ్ మందు సంగతి చూడండి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు 2001లో అమెరికాలో ఆమోదం పొందిన మందు. ఆ రోగుల బతుకు చిత్రాన్నే మార్చేసింది. అది ఆబల్ అనే కైనేజ్‌ను అడ్డుకుంటుంది. ఎలా అడ్డుకుంటుంది? ఆబల్ మందకొడి భంగిమలో ఉన్నప్పుడు లోపల తెరుచుకునే ఒక గుంటలో దూరి కూర్చుంటుంది. ఫాస్ఫేట్ పడి చురుకైన భంగిమలోకి వెళ్ళిన ఆబల్‌లో ఆ గుంట సరిగా ఉండదు, మందు పట్టు సడలుతుంది. ఇప్పుడు చెప్పండి, ఒక ప్రయోగశాల ఫాస్ఫేట్ లేని ఆబల్‌తో, ఇంకో ప్రయోగశాల ఫాస్ఫేట్ నిండిన ఆబల్‌తో ఇమాటినిబ్ బలం కొలిస్తే ఒకే సంఖ్య వస్తుందా? రాదు. ఇద్దరూ సరిగానే కొలిచారు. ఇద్దరి ట్యూబుల మీదా పేరు ఒకటే. గుంపు వేరు. అందుకే నేను ప్రతి బ్యాచ్‌నూ అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరులో చూడమంటాను. ఒక్కో ఫాస్ఫేట్‌కు 80 డాల్టన్ల బరువు పెరుగుతుంది, ఎన్ని ఫాస్ఫేట్లు ఉన్నాయో అదే చెబుతుంది.

ఏటీపీ దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. కైనేజ్‌లను ఆపే చాలా మందులు ఏటీపీతో పోటీపడి దాని చోట్లో కూర్చుంటాయి. కణంలో ఏటీపీ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, ఒకటి నుంచి అయిదు దాకా. మనం ట్యూబులో తరచుగా 10 మైక్రోమోలార్ వేస్తాం. ఇవి ద్రావణం గాఢతకు కొలతలు, ఒక మిల్లీమోలార్ అంటే వెయ్యి మైక్రోమోలార్లు. మీ కైనేజ్‌ను సగం వేగంతో నడిపించడానికి 10 మైక్రోమోలార్ ఏటీపీ చాలనుకోండి. ట్యూబులో 10 మైక్రోమోలార్ ఏటీపీ ఉన్నప్పుడు ఎంజైమును సగానికి ఆపడానికి ఎంత మందు కావాలో, 2 మిల్లీమోలార్ ఏటీపీ ఉన్నప్పుడు దానికి దాదాపు నూరు రెట్లు కావాలి. ట్యూబులో సింహంలా కనిపించిన మందు కణంలో ఏ ప్రభావమూ చూపకపోతే మందును తిట్టకండి, ముందు మీరు వేసిన ఏటీపీ ఎంతో చూసుకోండి.

కొలిచే పద్ధతుల గురించి కొంచెం. ఫాస్ఫరస్-32 పద్ధతి పాతది, నమ్మకమైనది. దాని అర్ధాయువు 14.3 రోజులు, జాగ్రత్తలు ఎక్కువ. అందులో ఫాస్ఫేట్ ఎక్కడికి చేరిందో నేరుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీని కాంతిగా మార్చి కొలిచే పద్ధతి. రేడియోధార్మికత లేదు, వందల నమూనాలు ఒకేసారి చూడవచ్చు. కానీ అది కొలిచేది ఖర్చును, గమ్యాన్ని కాదు. ఇ. కోలై నుంచి ప్రోటీన్ తీసేటప్పుడు డీఎన్ఏ-కే (DnaK) అనే సహాయక ప్రోటీన్ తరచుగా అంటుకుని వస్తుంది. అది ఊరికే కూర్చుని ఏటీపీని ఖర్చుపెడుతుంది. మీటరు మీద వెలుగు కనిపిస్తుంది, ఎవరికీ ఫాస్ఫేట్ పడి ఉండదు. అందుకని ఫాస్ఫేట్ అందుకునే ప్రోటీన్ లేకుండా ఒక ట్యూబు తప్పనిసరిగా పెట్టుకోండి.

కొలతల మాట వచ్చింది కాబట్టి టోనీ హంటర్ సంగతి కూడా చెప్పేస్తాను. 1979 దాకా ప్రోటీన్లలో సెరీన్, థ్రియోనీన్ మీదే ఫాస్ఫేట్ పడుతుందనుకునేవారు. టైరోసీన్ మీద పడిన ఫాస్ఫేట్‌ను హంటర్ ఆ ఏడాది సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో చూశాడు. ఎలా చూశాడు? ఫాస్ఫేట్ ఉన్న అమైనో ఆమ్లాలను విద్యుత్తుతో విడదీసే ద్రావణం పీహెచ్ 1.9 ఉండాలి. ఆయన వాడింది పలుసార్లు వాడిన పాత ద్రావణం, దాని పీహెచ్ 1.7కు దిగిపోయింది. 1.9 దగ్గర ఫాస్ఫోథ్రియోనీన్, ఫాస్ఫోటైరోసీన్ కలిసి ఒకే మచ్చగా వస్తాయి. 1.7 దగ్గర విడిపోయాయి. అనుకోని చోట ఒక కొత్త మచ్చ. చూసినవాళ్ళు ఎవరైనా చెత్త అని వదిలేసి ఉండవచ్చు. ఆయన అది ఏమిటని అడిగాడు. మళ్ళీ అదే ప్రశ్న, గమనించారా? కాగితంలో ఏముంది, ద్రావణంలో ఏముంది, ఈ మచ్చ ఏమిటి.

సరే. ట్యూబు శుభ్రంగా ఉంది, గుంపు ఏమిటో తెలుసు, ఏటీపీ సరిగా వేశాం, చచ్చిన ఎంజైము పనిచేయలేదు. ఇప్పుడు ఈ కైనేజ్ ఈ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ పెడుతుందని రాయవచ్చా? 'పెట్టగలదు' అని రాయవచ్చు. 'పెడుతుంది' అని రాయడానికి ఇంకా దూరం ఉంది. ట్యూబులో మనం ఎంజైమును, ప్రోటీన్‌ను ఎదురెదురుగా కూర్చోబెట్టి గంటసేపు కదలకుండా ఉంచుతాం. కణంలో ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించే ప్రోటీన్లు ఉంటాయి. పీకేఏను ఒక్కో చోట కట్టిపడేసే లంగరు ప్రోటీన్లు ఎన్నో ఉన్నాయి. లంగరు ఎక్కడ వేస్తే అక్కడివాళ్ళకే ఫాస్ఫేట్.

మరి ఆ దూరం దాటేదెలా? కెవాన్ షోకాట్ 1997లో చూపించిన దారి నాకు ఈ రంగంలోని అతి అందమైన ఆలోచనల్లో ఒకటిగా అనిపిస్తుంది. ఏటీపీ కూర్చునే గుంట లోపలి వైపున ఒక పెద్ద అమైనో ఆమ్లం ఉంటుంది, కాపలాదారు అంటాం. దాని స్థానంలో చిన్న అమైనో ఆమ్లాన్ని పెట్టారు. గుంట విశాలమైంది. ఇప్పుడు ఏటీపీకి ఒక లావుపాటి కొమ్మ అతికించారు. మామూలు కైనేజ్‌ల గుంటల్లో ఆ లావు ఏటీపీ పట్టదు. మనం మార్చిన కైనేజ్‌లోనే పడుతుంది. కణాల రసంలో వందల కైనేజ్‌లున్నా ఆ లావు ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసుకునేది మనది ఒక్కటే. గుర్తు ఎవరి మీద పడితే వాళ్ళు మన కైనేజ్ అందుకున్నవాళ్ళు. అలాగే ఆ విశాలమైన గుంటలో మాత్రమే పట్టే మందు తయారు చేస్తే, బతికి ఉన్న కణంలో ఆ ఒక్క కైనేజ్‌నే ఆపవచ్చు.

అయితే కణం ఉండగా ట్యూబు ఎందుకు అనకండి. కణంలో ఒక కైనేజ్‌ను ఆపితే ఒక ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ తగ్గిందనుకోండి. నేరుగా తగ్గిందా, మధ్యలో ఇంకో కైనేజ్ ద్వారా తగ్గిందా? కణం చెప్పలేదు. శుభ్రమైన ట్యూబు మాత్రమే చెప్పగలదు. 'నేరుగా' అన్న మాటకు ట్యూబు సాక్షి. 'నిజంగా' అన్న మాటకు కణం సాక్షి. ట్యూబులో ఏ సెరీన్ మీద ఫాస్ఫేట్ పడిందో కణంలోనూ అదే సెరీన్ మీద పడాలి. ఆ సెరీన్‌ను అలనీన్‌గా మారిస్తే రెండు చోట్లా ఆగిపోవాలి. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పినప్పుడు 'చేస్తుంది' అని రాయండి, ధైర్యంగా రాయండి.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. అడగండి.

కొత్త ఎంజైము చేతికి వచ్చిన రోజు మొట్టమొదట ఏం చేయాలని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మంచులో పెట్టి కరగనివ్వండి, వెంటనే ఒక్కో ప్రయోగానికి సరిపడే చిన్న భాగాలు చేసి మళ్ళీ గడ్డకట్టించండి. కరగడం, గడ్డకట్టడం ఎన్నిసార్లు జరిగితే అంత చురుకు పోతుంది. తర్వాత ఎంజైమును రెండేసి రెట్లు పలుచన చేసుకుంటూ, సమయం మారుస్తూ కొలవండి. ఎంజైము సగం వేస్తే పని సగం కావాలి, సమయం రెట్టింపైతే పని రెట్టింపు కావాలి. అలా నడిచే పరిధిలోనే మిగతా ప్రయోగాలన్నీ చేయండి. బ్యాచ్ నంబరు నోటుపుస్తకంలో రాసుకోండి. బ్యాచ్ మారితే ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. విసుగు పుడుతుంది, నాకు తెలుసు. అయినా చేయండి.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. ఆ కీటక కణాల నుంచి అంటుకుని వచ్చిన కైనేజ్ ఏదో చివరికి తెలిసిందా అని. తెలిసింది. దాదాపు కైనేజ్‌లన్నీ ఏటీపీనే వాడతాయి. మేము ఏటీపీ బదులు దాని చుట్టమైన జీటీపీ అనే అణువును వేసి చూశాం, ఫాస్ఫేట్ పడుతూనే ఉంది. జీటీపీని కూడా అంత బాగా వాడుకునే కైనేజ్‌లు బహు తక్కువ. అనుమానం వచ్చి, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ కాస్త కలిపాం, మొత్తం ఆగిపోయింది. ఆ రెండు గుణాలూ కలిసి ఉన్న ఎంజైము మాకు తెలిసినంతలో ఒకటే. మాస్ స్పెక్ట్రోమీటరులో కూడా దాని ముక్కలే దొరికాయి. అది కేసీన్ కైనేజ్ 2. కేంద్రకం ఉన్న దాదాపు ఏ కణంలోనైనా ఉంటుంది, చాలా ప్రోటీన్లకు అంటుకుంటుంది. ఆ రోజు నుంచి మా దగ్గర కీటక కణాల్లో తయారైన ప్రతి బ్యాచ్‌కూ ఒక ట్యూబులో హెపారిన్ వేసి, ఒక ట్యూబులో జీటీపీ వేసి చూశాకే పేరు రాసి ఫ్రీజరులో పెడుతున్నాం.